తెరమీది ముఖము

1978 నాటి 'కరుణామయుడు' ఇప్పటికీ మన ఇళ్లలో పండుగలకు చూస్తూనే ఉంటారు. "ఎలా ఉన్నదమ్మా?" అంటే "ఏడుపు ఆగలేదయ్యగారూ" అంటారు. అదీ ఒక విమర్శే. ఎ. భీంసింగ్ దర్శకత్వము, సిలువ మోసే ఘట్టములో మోదుకూరి జాన్సన్ పాట రాతిగుండెనైనా కదిలిస్తాయి.

మా సంఘములోని ఒక పెద్దామె మాత్రం వేరే మాట అన్నది. "ప్రార్థనకు కళ్లు మూస్తే విజయచందర్‌గారే కనబడుతున్నారయ్యగారూ, ఏం చేయను?" పత్రికలలో వ్రాసే సినిమా పండితులకు తట్టని సంగతి ఇది! నాలుగు సువార్తలూ వెదకినా ప్రభువు ఎత్తు, రంగు, ముక్కుతీరు ఎట్టివో వ్రాయబడలేదు. నటుడు ఎంత బాగా నటిస్తే ఆ ఖాళీ అంతగా నిండిపోతుంది.

1959 నాటి 'బెన్‌హర్'లో దర్శకుడు విలియం వైలర్ ఆ ముఖమును చూపనే లేదు. దప్పికతో కూలిన బానిసకు నీళ్లిచ్చే చేతులు కనబడతాయి. అడ్డగింపబోయిన రోమా సైనికుడు ఆయనను చూచి తడబడతాడు. వాని ముఖములోనే మనము ప్రభువును చూడాలి. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. పిల్లలు మాత్రం "చూపరేమి?" అని విసుక్కుంటారు. వారి అభిప్రాయమూ వినండి. చిత్రము మూడున్నర గంటలు గనుక రెండు రాత్రులు చూచుట మేలు.