ముఖపు పొరల్లో వయసు: ఫేస్‌లిఫ్ట్ ఏం సరిదిద్దుతుంది?

ముఖం మీద వయసు కనిపించడానికి చర్మం వదులు కావడమే కారణమన్న అభిప్రాయం సామాన్యుల్లోనే కాక శస్త్రవైద్యుల్లో కూడా దశాబ్దాల పాటు నిలిచి ఉంది. వడలిన ముఖాన్ని పైకెత్తి బిగించే ఫేస్‌లిఫ్ట్ శస్త్రచికిత్స తొలిరూపం ఆ అభిప్రాయం మీదే ఆధారపడింది. 1901లో బెర్లిన్‌లో ఓయిగెన్ హోలాండర్ చేసినదిగా చెప్పే తొలి ఆపరేషన్ నుంచి చాలా కాలం వరకు వైద్యులు చెవి ముందున్న చర్మాన్ని కొంత కోసి తీసి, అంచులను దగ్గరకు లాగి కుట్టి ఊరుకునేవారు. చర్మం సాగే గుణం ఉన్నది కనుక ఆ లాగుడుకు అది మళ్లీ సాగేది, కుట్ల గుర్తు వెడల్పయ్యేది, చెవి తమ్మె కిందికి జారేది, ముఖం మాత్రం గాలికి ఎదురు నిలిచినట్టు బిగుసుకుపోయేది. ఈ వైఫల్యానికి మూలం వైద్యుల చేతి నైపుణ్యంలో లేదు, కారణాన్ని తప్పుగా గుర్తించడంలో ఉంది.

ముఖాన్ని నేటి శరీర నిర్మాణ శాస్త్రం పొరలుగా చూస్తుంది. పైన చర్మం, దాని కింద పలచని కొవ్వు, ఆ కింద ముఖకవళికలను పలికించే కండరాలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే గట్టి పీచు పొర ఉంటాయి. ఈ మూడో పొరకు వైద్యులు వాడే పొట్టి పేరు స్మాస్. మెడలో ఇదే ప్లాటిస్మా అనే పలచని వెడల్పాటి కండరంగా కొనసాగుతుంది. స్మాస్ కింద కణజాలం జారేందుకు వీలైన ఖాళీలు, లోతు కొవ్వు ఉండగా, అన్నిటికీ అడుగున ఎముక ఉంటుంది. ఎముక నుంచి బయలుదేరి ఈ పొరలన్నిటినీ చీల్చుకుంటూ చర్మం దాకా వచ్చి ముఖాన్ని తన చోట పట్టి ఉంచే గట్టి పోగులను లిగమెంట్లు అంటారు.

వయసు ఈ పొరల్లో దేన్నీ విడిచిపెట్టదు, కానీ అన్నిటినీ ఒకే వేగంతో ముట్టదు. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ యౌవనం దాటాక ఏడాదికి దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతుందని, స్త్రీలలో నెలసరి ఆగిన తొలి అయిదేళ్లలో ఈ నష్టం మరింత వేగంగా జరుగుతుందని పరిశోధకులు గుర్తించారు. దీనికి ఎండ తోడవుతుంది. కర్కటరేఖకు దక్షిణంగా దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న కలకత్తా నగరంలో జూన్ మొదట్లో ఒకసారి, జూలై మొదట్లో మరోసారి మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అంటే ఎండ నిట్టనిలువుగా పడుతుంది. అతినీలలోహిత కిరణాల్లో యూవీ-ఏ అనే రకాన్ని మబ్బు గానీ కిటికీ అద్దం గానీ పూర్తిగా ఆపలేవు కనుక, ఆ కిరణాలు చర్మం లోపలి పొర దాకా చేరి, కొల్లాజెన్‌ను తుంచివేసే ఎంజైములను మేల్కొలుపుతాయి. అయితే గోధుమవన్నె, చామనఛాయ చర్మాల్లో పుష్కలంగా ఉండే మెలనిన్ అనే రంగుపదార్థం ఈ దెబ్బను కొంతవరకు కాస్తుంది. అందుకే భారతీయుల ముఖాల్లో సన్నని ముడతలు తెల్లవారి కంటే ఆలస్యంగా వస్తాయి. ఎండ దెబ్బ ముడతగా కాక మంగుగా, నల్లమచ్చగా ముందు బయటపడుతుంది. బుగ్గ కిందికి దిగడం, దవడ అంచు గీత చెదరడం మాత్రం వీరికీ తప్పదు.

ఆ దిగుదలకు కారణాలు చర్మం కంటే లోతున ఉన్నాయి. ముఖంలోని కొవ్వు ఒకే ముద్దగా లేదని, పలచని గోడలతో వేరుపడిన అరలుగా ఉందని రాడ్ రోరిక్, జోయెల్ పెస్సా 2007లో ప్రచురించిన పరిశోధన చూపింది. వయసుతో లోతు అరలు క్షీణిస్తాయి, పై అరలు ఆధారం కోల్పోయి కిందికి వాలతాయి. ముక్కు పక్క నుంచి పెదవి మూలకు దిగే గాడి, దవడ అంచున వేలాడే కొవ్వు సంచి ఇలా ఏర్పడేవే. లిగమెంట్లు సడలిన చోట కణజాలం జారుతుంది, అవి ఇంకా బిగిసి ఉన్న చోట గాడి పడుతుంది. ఎముక కూడా మారకుండా ఉండదు: కంటి గూడు వెడల్పవుతుంది, పైదవడ వెనక్కి తగ్గుతుంది, దవడ ఎముక అరుగుతుంది, పళ్లు ఊడినవారిలో ఈ అరుగుదల మరింత త్వరపడుతుంది. గుంజలు కుంగిన పందిరికి పైగుడ్డను ఎంత బిగించి కట్టినా పందిరి నిలబడనట్టే, లోపలి ఆధారాలు తగ్గిన ముఖానికి చర్మాన్ని లాగడం వల్ల ప్రయోజనం లేదు.

ఈ జ్ఞానమంతా మృతదేహాలను పొర పొరగా విప్పి చూసిన చేతుల నుంచి వచ్చిందన్నది మరువకూడని విషయం, ఆ చరిత్రలో కలకత్తాకు ప్రత్యేక స్థానం ఉంది. శవాన్ని పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, నానిన దేహాన్ని కుంచెతో మెల్లగా రుద్దుతూ చర్మం మొదలుకొని ఒక్కొక్క పొరను కంటితో చూడాలని సుశ్రుత సంహిత చెప్పింది. ఆ సంహితను 1835-36లో కలకత్తాలో అచ్చు వేయించిన పండితుడు మధుసూదన్ గుప్తా. 1835లో నెలకొన్న కలకత్తా మెడికల్ కాలేజీలో, కులాచారం అడ్డు నిలిచినా లెక్కచేయక, 1836లో శవచ్ఛేదం చేసినవాడూ ఆయనే. గ్రంథం చెప్పిన పనిని సంపాదకుడే తన చేత్తో చేసి చూపిన ఘట్టం వైద్య చరిత్రలో అరుదైనది. తరువాతి కాలంలో తమ దేహాన్నే ఈ విద్యకు ఇచ్చినవారూ ఉన్నారు. 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి చేరిన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో మరణించగా, ఆయన కోరిక మేరకు భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేర్చారు. 2010లో పశ్చిమ బెంగాల్ మాజీ ముఖ్యమంత్రి జ్యోతిబసు దేహం కలకత్తాలోని ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రికి దానంగా వెళ్లింది. ముఖ కండరాలను కదిలించే ముఖనాడిని శస్త్రవైద్య విద్యార్థి మొదట ఇలాంటి దాతల దేహాల్లోనే చూస్తాడు, బతికున్న మనిషి ముఖంలో కాదు.

ఫేస్‌లిఫ్ట్ దిశ మారింది 1970లలో. స్వీడన్ వైద్యుడు టోర్డ్ స్కూగ్ చర్మాన్నీ దాని కింది పీచు పొరనూ విడదీయకుండా ఒకటిగా ఎత్తే పద్ధతిని 1974లో వివరించగా, 1976లో పారిస్‌లో వ్లదిమిర్ మిట్జ్, మార్టిన్ పెరోనీ ఆ పొరను స్పష్టంగా వర్ణించి స్మాస్ అని పేరు పెట్టారు. 1989లో డేవిడ్ ఫర్నాస్ బుగ్గ లిగమెంట్లను గుర్తించి చూపాడు. మరుసటి ఏడాది సామ్ హామ్రా ఆ లిగమెంట్లను విడిపించి స్మాస్‌ను కింది నుంచి ఎత్తే డీప్‌ప్లేన్ పద్ధతిని ప్రచురించాడు.

ఆ పద్ధతిలో కోత కణత వద్ద జుట్టు అంచున మొదలై, చెవి రంధ్రం ముందున్న చిన్న మృదులాస్థి వంపును అనుసరించి, తమ్మె చుట్టూ తిరిగి చెవి వెనుక మడతలోకి వెళుతుంది. చర్మాన్ని కొంతమేరకే లేపాక, దవడ మూల నుంచి కంటి బయటి కొన వరకు ఊహించుకున్న గీత మీద వైద్యుడు స్మాస్‌ను కోసి దాని కిందికి దిగుతాడు. ఇక్కడి నుంచి ప్రతి మిల్లీమీటరూ జాగ్రత్తతో కూడినదే. చెవి కింద పుర్రె నుంచి బయటికి వచ్చి, పరోటిడ్ అనే లాలాజల గ్రంథిలో అయిదు ముఖ్య శాఖలుగా చీలే ముఖనాడి, ఆ గ్రంథి ముందంచు దాటాక పలచని పొర మాటున, వైద్యుడు పనిచేస్తున్న చోటికి అడుగునే పరుచుకుని ఉంటుంది. చెక్కిలి ఎముక మీది లిగమెంట్లను, నమిలే కండరం మీది లిగమెంట్లను విడిపించగానే బుగ్గ కొవ్వు, స్మాస్, చర్మం ఒకే మందపాటి పలకగా కదులుతాయి. ఆ పలకను చెవి వైపుకు అడ్డంగా లాగకుండా, జారిన దారినే వెనక్కి తీసుకువెళ్లినట్టు పైకి ఎత్తి, చెవి ముందూ కణత వద్దా ఉన్న గట్టి పొరలకు కుడతారు. బరువంతా స్మాస్ మోస్తుంది కనుక చర్మాన్ని ఏ బిగువూ లేకుండా సరిపడా కత్తిరించి మూసివేయవచ్చు; కుట్ల గీత సన్నగా నిలవడానికి, ముఖం సహజంగా కనిపించడానికి అసలు కారణం ఇదే.

ఎత్తడం వల్ల జారినది పైకి వస్తుందే తప్ప తగ్గినది తిరిగి రాదు. అందువల్ల పొట్ట నుంచో తొడ నుంచో తీసిన కొవ్వును శుద్ధిచేసి, క్షీణించిన లోతు అరల్లోకి బొట్లు బొట్లుగా ఎక్కించడం ఈ ఆపరేషన్‌కు జోడింపుగా మారింది. ఎక్కించిన దానిలో కొంత భాగం తొలి నెలల్లోనే కరిగిపోతుంది, ఎంత మిగులుతుందన్నది మనిషిని బట్టి మారుతుంది. మెడ మీద నిలువు పట్టీలు తేలినవారికి చుబుకం కింద చిన్న కోత పెట్టి ప్లాటిస్మా అంచులను కలిపి కుడతారు. నుదుటి గీతలు, కంటి కింది ఉబ్బు, మంగు, చర్మపు గరుకుదనం ఫేస్‌లిఫ్ట్‌తో పోవు. ఎముక అరుగుదల ఆగదు. సుమారు పదేళ్లు ఫలితం నిలిచినా, ఆ పదేళ్లూ ముఖం వయసు మళ్లుతూనే ఉంటుంది.

ప్రమాదాలను తక్కువచేసి చెప్పడం ఈ రంగంలో పెద్ద తప్పు. అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది చర్మం కింద రక్తం చేరి గడ్డకట్టడం. ఇది ఎక్కువగా తొలి 24 గంటల్లోనే జరుగుతుంది, గడ్డం పెరిగే చర్మానికి రక్తప్రసరణ అధికం కావడం వల్ల పురుషులలో ఎక్కువ, రక్తపోటు అదుపులో లేనివారిలో మరీ ఎక్కువ. చెవి రంధ్రానికి సుమారు 6.5 సెంటీమీటర్ల దిగువన మెడ కండరాన్ని దాటే స్పర్శనాడి తెగితే తమ్మె మొద్దుబారుతుంది. ముఖనాడికి శాశ్వత నష్టం నూటికి ఒకరి కంటే తక్కువ మందికే కలిగినా, ఆ ఒక్కరి నవ్వు వంకర తిరుగుతుంది. పొగతాగేవారిలో చర్మం చచ్చి ఊడే ప్రమాదం పన్నెండు రెట్లు ఎక్కువని 1984లో థామస్ రీస్ బృందం చూపింది. చామనఛాయ చర్మంలో మచ్చ ఉబ్బెత్తుగా పెరగడం, గాయం మానిన చోట నలుపు మిగలడం కూడా ముందే లెక్కలోకి తీసుకోవలసినవి.

అందానికి మాత్రమే చేసే శస్త్రచికిత్స ఖర్చును భారతదేశంలోని ఆరోగ్య బీమా చెల్లించదు కనుక, కలకత్తాలోనైనా హైదరాబాదులోనైనా తక్కువ ధర చూసి శిక్షణ లేనివారి దగ్గరికి వెళ్లే ప్రమాదం పొంచి ఉంది. ఈ ఆపరేషన్ తలపెట్టేవారు వైద్యుడికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ దానికి సమానమైన డీఎన్‌బీ గానీ ఉందా, రాష్ట్ర వైద్య మండలిలో ఆయన పేరు నమోదైందా, మత్తు వైద్యుడు పక్కన ఉంటాడా, రాత్రివేళ రక్తం గడ్డకడితే మళ్లీ తెరిచే ఏర్పాటు అదే ఆసుపత్రిలో ఉందా అని అడిగి తెలుసుకోవాలి. తన ముఖంలో తగ్గిందేమిటి, జారిందేమిటి, ఏ పొరను ఎత్తబోతున్నారు, ఏది ఈ ఆపరేషన్‌తో సరికాదు అన్న ప్రశ్నలకు సూటిగా జవాబు రాని చోట సంతకం పెట్టకూడదు.