గురి – నిలకడ

లక్ష్యమును ఒకసారి కొట్టుట వేరు. కొట్టిన చోటనే మరల మరల కొట్టుట వేరు. మొదటిదానికి అదృష్టము చాలును. రెండవది విద్య. మన కళాశాలల క్రీడాదినోత్సవములలో చప్పట్లు సాధారణముగా మొదటిదానికే దక్కుచున్నవి. బంతితోనైనను, క్యారమ్ స్ట్రైకరుతోనైనను ఒక్క అద్భుతమైన దెబ్బ కొట్టినవాని పేరు ఏడాది పొడుగునా చెప్పుకొందురు. ఇరువది దెబ్బలలో పదునెనిమిదింటిని సద్దు లేకుండ ఒకే తీరున కొట్టిన విద్యార్థి పేరు ఎవరికిని గుర్తుండదు. అతడు జట్టులో చోటు దక్కక, తనకు గురి లేదనుకొని, మరుసటి ఏడు మైదానమునకు వచ్చుటయే మానివేయును. ఇట్టి విద్యార్థులను దృష్టియందుంచుకొని, గురి యనగా నేమి, నిలకడ యనగా నేమి, ఆ రెండవదానిని ఎట్లు అలవరచుకొనవచ్చును అను సంగతిని విలువిద్య ఆధారముగా వివరింపదలచితిమి.

విలువిద్యనే ఎన్నుకొనుటకు కారణము గలదు. పెనుమూడి రేవున మన కన్నులయెదుట పారుచున్న కృష్ణ, ఎగువన విజయవాడ మీదుగా వచ్చుచున్నది. ఆ విజయవాడ నేడు ప్రపంచ విలుకాండ్రకు తెలిసిన ఊరు. అచటి వోల్గా ఆర్చరీ అకాడమీ, చెరుకూరి సత్యనారాయణగారి కుటుంబము పట్టుదలతో నిలబెట్టిన శిక్షణాలయము, అనేకులను తయారుచేసినది. వెన్నం జ్యోతి సురేఖ ఆ నగరపు బిడ్డ. నాలుగేండ్ల ప్రాయముననే కృష్ణలో 5 కిలోమీటర్లు ఈది లిమ్కా రికార్డుల పుస్తకమునకెక్కిన ఆమె, తరువాత ఈత విడిచి విల్లు పట్టినారు. 2022లో జరుగవలసి, ఒక ఏడు వాయిదాపడి 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో కాంపౌండు విల్లు విభాగమున ఆమె మూడు స్వర్ణ పతకములు గెలుచుకొన్నారు. వ్యక్తిగత పోటీ తుది ఆటలో కొరియా క్రీడాకారిణి సో చేవన్‌పై వచ్చిన ఫలితము 149–145.

ఈ 149 అను అంకెను మన విద్యార్థులు కొంచెము నిలిచి చూడవలెను. ఆ ఆటలో వేయునవి 15 బాణములు. బాణమునకు హెచ్చుగా వచ్చునవి 10 పాయింట్లు. అనగా పదునాలుగు బాణములు పదవ వలయముననే నాటినవి, ఒక్కటి మాత్రము దాని ప్రక్క వలయమున పడినది. కాంపౌండు పోటీలో లక్ష్యము 50 మీటర్ల దూరమున నుండును. ఆ పదవ వలయము వ్యాసము 8 సెంటీమీటర్లు, చాయ్ కప్పు మూతి యంత. అచట ఒక్క బాణము నాటుట ఆశ్చర్యము గాదు. పదునాలుగు నాటుట, అదియు స్వర్ణ పతకము మీద కన్నున్న ఘడియలో, ఆశ్చర్యము.

లెక్క వేసి చూచిన ఇది యెంత సూక్ష్మమైన పనియో తెలియును. విలుకాని కంటికిని వింటి ముందు అమర్చిన గురిబిళ్లకును నడుమ సుమారు 85 సెంటీమీటర్ల దూరమున్నదనుకొందము. 50 మీటర్ల వద్ద బాణము కేంద్రమునుండి 4 సెంటీమీటర్లు తొలగుటకు ఆ గురిబిళ్ల వద్ద 0.7 మిల్లీమీటరు తేడా వచ్చిన చాలును. అది చేతి గోరు మందమునకు కొంచెము హెచ్చు. గడ్డము క్రింద చేయి ఒక పర్యాయము ఒకచోట, మరొక పర్యాయము మరొకచోట ఆనినచో అంతకు పదింతల తేడా వచ్చును. కావున కన్ను ఎంత చురుకైనదైనను, చేయి ప్రతిసారి ఒక్కచోటనే ఆననిచో ఆ చురుకుదనము వ్యర్థము.

ఇచట రెండు విధములైన తప్పిదములను వేరుచేసి చూపవలసియున్నది. ఇది ఈ విషయమునకంతటికిని మూలము. బాణములన్నియు కేంద్రమునుండి ఒకే వైపునకు తొలగుట ఒకటి. దీనిని ‘తొలగుడు’ అందము. బాణములు నలుదిక్కుల పడుట మరొకటి, ఇది ‘చెదరు’. ఇద్దరు విద్యార్థులు ఆరేసి బాణములు వేసిరనుకొందము. మొదటివాని ఆరును క్రింది ఎడమ మూల, ఏడవ వలయమున, అరచేయి కప్పునంత చోటున గుమికూడినవి. మొత్తము 42. రెండవవానికి ఒక 10, ఒక 9, ఒక 8, ఒక 7, రెండు 5లు వచ్చినవి. మొత్తము 44. పట్టికలో రెండవవాడు గెలిచినాడు. పదవ వలయమును కొట్టినందులకు స్నేహితులు వాని భుజము తట్టినారు. కాని తెలిసిన శిక్షకుడు మొదటివానినే ఎన్నుకొనును. ఏలయనగా వాని గురిబిళ్లను కొంచెము జరిపినచో, అదే గుంపు కదలి నడిమి పసుపుపచ్చ వలయములకు చేరును. వాని మొత్తము 42 నుండి 57కో 58కో పెరుగుటకు ఒక్క నిమిషము చాలును. రెండవవానికి జరుపవలసినది ఎటు? వాని బాణములు ఏ వైపునను లేవు, అన్ని వైపులను ఉన్నవి. వానికి కావలసినది ఒక ఏడాది సాధన. ఒక్కపూట మొత్తమును మాత్రమే చూచి జట్టును ఎన్నుకొనువారు ఇట్టివేళ మొదటివానిని ఇంటికి పంపుచున్నారు. విద్యార్థి కూడ తన మొత్తమునే చూచుకొని కుంగిపోవుచున్నాడు.

కావున మా మొదటి సూచన: మొత్తము వ్రాసికొనుట చాలదు. నోటుపుస్తకమున చిన్న వలయములు గీచి, ప్రతి బాణము పడిన చోట చుక్క పెట్టవలెను. పది దినములు పెట్టిన పిమ్మట ఆ చుక్కలే మాటలాడును. పైకిని క్రిందికిని చెదరినవా, చేయి ఆను చోటు మారుచున్నదో, లాగుడు పొడవు మారుచున్నదో చూడవలెను. ప్రక్కలకు చెదరినవా, వింటి పట్టు బిగియుచున్నదేమో, నారి విడుచు వ్రేళ్లు అడ్డముగా లాగుచున్నవేమో పరీక్షింపవలెను.

రెండవ సంగతి దూరము. నూతనముగా చేరిన విద్యార్థికి తొందర హెచ్చు. మొదటి దినముననే 50 మీటర్లు కావలెను. గాలిని లెక్కింపకున్నను, 10 మీటర్ల వద్ద ఒక అంగుళము తొలగిన బాణము 50 మీటర్ల వద్ద ఐదంగుళములు తొలగును. దగ్గర కుదరని పని దూరమున కుదురునా? అందుచేతనే శిక్షకులు లక్ష్యచిత్రమును తీసివేసి, ఉత్త గడ్డిదిండు ముందు నాలుగైదు అడుగులలో నిలిపి బాణములు వేయింతురు. కొట్టవలసినది లేదు కనుక చూడవలసినది తన శరీరమునే. పాదములు, భుజము, లాగిన చేయి, విడిచిన పిమ్మట చేయి నిలిచిన తీరు, వీనిని గమనించు తీరిక అప్పుడు దొరకును. తురుష్క విలుకాండ్రు అంతకంటెను ముందుకు పోయిరి. కెపాజె అను మిక్కిలి బలహీనమైన సాధనవిల్లును బాణము లేకయే లాగి లాగి, లాగుడు శరీరమునకు అలవడిన పిమ్మటనే అసలు విల్లు పట్టువారు. కాన్‌స్టాంటినోపిల్‌ను 1453లో జయించిన సుల్తాన్ మహమ్మద్ ఆ నగరమున విలువిద్యకై కేటాయించిన స్థలము పేరు ఓక్‌మైదాన్. ఓక్ అనగా బాణము. మైదాన్ అనగా మనము ప్రతి సాయంకాలము పోవు మైదానమే.

ఇస్లాం సంప్రదాయమున తీరందాజీకి గౌరవస్థానమున్న సంగతి మా ఉర్దూ విభాగపు విద్యార్థులకు తెలిసినదే. దానిని నేర్చుటను ప్రోత్సహించుటయే గాక, నేర్చి విడిచిపెట్టుటను ఆక్షేపించు హదీసు సహీహ్ ముస్లింలో గలదు. ఇటువైపు మహాభారతమున అర్జునుడు పక్షి కన్నును మాత్రమే చూచిన కథను మన పిల్లలందరు ఎరుగుదురు. మంచి కథయే కాని, అది చూపును గూర్చియే చెప్పును. విల్లు ఎక్కుపెట్టుటకు ముందు ఎన్ని దినములు ఆ చేయి ఒకే చోట ఆనుట నేర్చెనో ఆ సన్నివేశమున రాదు. ఏకాగ్రత యను మాటను ఉపన్యాసములలో వాడినంతగా సాధనలో వాడకుండుటకు ఇదియు ఒక కారణమేమో.

అందరి భంగిమయు ఒకటి కావలెనని మాత్రము తలపరాదు. జమ్మూకాశ్మీరమునకు చెందిన శీతల్ దేవికి పుట్టుకతోనే చేతులు లేవు. ఆమె కుడి పాదముతో విల్లు పట్టి, కుడి భుజముతో నారి లాగి, దవడ సాయముతో బాణము విడుచును. 2024 పారిస్ పారాలింపిక్ క్రీడలలో రాకేశ్ కుమార్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో కాంస్య పతకము గెలుచుకొన్నది. ఏ శిక్షణ గ్రంథపు బొమ్మయు ఆమె భంగిమకు సరిపోదు. కాని ఆమె ప్రతి బాణమును తన వెనుకటి బాణము వలెనే వేయును.

ఇక సాధనలో పొంచియున్న ఒక మోసమును చెప్పవలెను. దీనిని వివరించుటకు అమెరికాలో ప్రబలమైన డిస్క్ గోల్ఫ్ అను ఆట బాగుగా ఉపయోగపడును. ప్లాస్టిక్ పళ్లెము వంటి చక్రమును విసరి, ఇనుప గొలుసులు వ్రేలాడు బుట్టలో పడవేయుట ఆ ఆట. బుట్టకు 10 మీటర్ల లోపలనుండి విసరునపుడు ముందుకు తూలిపోక, నిలద్రొక్కుకొనినట్లు చూపిన పిమ్మటనే అడుగు వేయవలెనని నియమము గలదు. ఆటలో ఈ దగ్గరి విసరుడు ఒకచోటనుండి సాధారణముగా ఒక్కటే. పిమ్మట చాల దూరము నడచి వేరొక బుట్టను చేరవలెను. ఇంటి వద్ద సాధన చేయువాడో, ఇరువది చక్రములు తెచ్చుకొని ఒకే చోట నిలిచి వరుసగా విసరును. మూడవది ఎడమకు పోయినచో నాలుగవదానిని కుడికి సవరించుకొనును. పదవదానికి అన్నియు పడుచుండును. తనకు విద్య వచ్చినదని సంతసించును. కాని పోటీలో సవరించుకొనుటకు వెనుకటి విసరుడు లేదు! అందుకై దూరమును, కోణమును మార్చుచు, ప్రతి చోట ఒక్కటే విసరుట మేలు. చూచుటకు పడునవి తగ్గినట్లుండును గాని, నేర్చినది నిలుచును. విల్లు పట్టువారు కూడ దినమునకు ఒకసారి, ఎట్టి ముందు సాధనయు లేక, వచ్చిన వెంటనే ఒక్క బాణము వేసి దానిని ప్రత్యేకముగా వ్రాసికొనవలెను. మీ నిజమైన గురి ఆ బాణమే. అట్లే, ఆదివారమున ఇన్నూరు బాణములు వేయుట కంటె దినమునకు ముప్పది వేయుట మేలని మా అభిప్రాయము. అలసిన భుజము తప్పుడు భంగిమను నేర్చుకొనును, దానినే గుర్తుంచుకొనును.

ఒత్తిడి సంగతి. అంతర్జాతీయ వ్యక్తిగత పోటీలలో విలుకాండ్రు ఒకరి తరువాత ఒకరు వేయునపుడు బాణమునకు ఇచ్చు వ్యవధి 20 సెకండ్లు. విజయవాడకే చెందిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్ క్రీడల తొలి వరుస నిర్ణయ పోటీలో 681 పాయింట్లతో నాలుగవ స్థానమున నిలిచినారు. వ్యక్తిగత పోటీలో కెనడా దేశస్థుడు ఎరిక్ పీటర్స్‌తో ఆట 5–5గా సమమై, చెరియొక బాణము వేయవలసివచ్చెను. ఇద్దరును 10 కొట్టిరి. కేంద్రమునకు దగ్గరగా నున్న బాణము పీటర్స్‌ది. ధీరజ్ వెనుదిరిగినారు. ఆ దినమున ఆయన గురి తప్పినదని ఎవరనగలరు? పది కొట్టియు ఓడు ఆట ఇది. ఫలితము విలుకాని చేతిలో సగమే యుండును. బాణము విడుచు తీరు మాత్రము పూర్తిగా అతని చేతిలోనిది. అందుచేత అనుభవజ్ఞులు ప్రతి బాణమునకు ముందు ఒకే క్రమమును పాటింతురు. పాదము, పట్టు, ఊపిరి, లాగుడు, ఆనుడు, చూపు, విడుపు. క్రమము చెడినచో విల్లు దించి మరల మొదలిడుదురు. వ్యవధి యుండియు దించుటకు సిగ్గుపడి విడిచిన బాణములే మన విద్యార్థులకు హెచ్చుగా నష్టము చేయుచున్నవి.

గురిబిళ్ల పసుపుపచ్చ వలయమును తాకీతాకకమునుపే వ్రేళ్లు వాటంతట అవి నారిని విడిచివేయుట మరియొక చిక్కు. దీనిని ‘గురి భయము’ అనవచ్చును. గోల్ఫ్ ఆటగాండ్రకు దగ్గరి దెబ్బలలో చేయి వణకు జబ్బు దీనికి చుట్టమే. గురిబిళ్ల ఎవరికిని కదలక నిలువదు. ప్రపంచ విజేతలకును అది కొంచెము తేలుచునే యుండును. దానిని బలవంతముగా ఆపబోవుటతో చిక్కు మొదలగును. దీనికి మందు, లక్ష్యమునకు గురిపెట్టి, లెక్కపెట్టి, విడువక దించివేయుట. తిరిగి గడ్డిదిండు ముందు దగ్గరగా నిలిచి విడుపును మాత్రమే అభ్యసించుట.

మన ప్రాంతమున గాలిని మరువరాదు. మధ్యాహ్నము దాటిన పిమ్మట సముద్రపు గాలి కృష్ణ ఒడ్డున స్థిరముగా ఉండదు. తెరలు తెరలుగా వచ్చును. తెరకును తెరకును నడుమ విడుచుట ఒక మార్గము, గాలి వచ్చు వైపునకు గురి కొంచెము జరుపుట మరొకటి. ఏదైనను ఒకదానినే పట్టుకొనవలెను. తాటియాకుల కదలికను చూచి ప్రతి బాణమునకు పద్ధతి మార్చువాని నోటుపుస్తకమున చుక్కలు దేనిని గూర్చి చెప్పుచున్నవో తెలియకుండును.

కాంపౌండు విల్లు మన విద్యార్థుల శక్తికి మించినది. పరికరములన్నియు కలిపి లక్షల రూపాయలగును. మనదేశపు పోటీలలో వెదురు విల్లుకు వేరుగా విభాగము గలదు గనుక దానితో మొదలుపెట్టవచ్చును. తెలిసినవారి పర్యవేక్షణ లేక విల్లు పట్టరాదు. లక్ష్యము వెనుక మట్టికట్ట ఉండవలెను. అందరును బాణములు వేసి ముగించువరకు ఎవరును గీత దాటరాదు. ఉత్త గడ్డిదిండుతో ఒక నెల గడచిన పిమ్మట 10 మీటర్ల వద్ద లక్ష్యచిత్రము కట్టవలెను. ఆరు బాణములును వరుసగా మూడు దినములు భోజనపు పళ్లెమంత చోటున గుమికూడినచో, ఆ గుంపు ఏ మూలనున్నను సరే, 5 మీటర్లు వెనుకకు జరుగవచ్చును. గుంపు చెదరినచో మరల ముందుకు రావలెను.