ఒకే ముంగిట్లో అందరూ

రండి పిల్లలూ, కూర్చోండి. ఫోన్లు పక్కన పడేయమని అననులే, కబుర్లు వాటి గురించే.

బస్తర్‌లో, సుక్మా జిల్లా కొంటా తహసీలులో గొల్లపల్లి అని ఓ ఊరుంది. అటువైపు పిల్లలు ఇంట్లో దోర్ల భాషో, కోయ భాషో మాట్లాడతారు. బళ్లో హిందీ. భద్రాచలం వైపు వచ్చారంటే తెలుగు. భాషతోపాటు మనిషీ కాస్త మారతాడు. మాస్టారి ముందు చేతులు కట్టుకునే కుర్రాడే సంతలో ఈల వేస్తాడు. దాన్ని ఎవరూ నాటకం అనరు. మనల్ని ఎరిగినవాళ్లు ఎందరో మనలో అన్ని 'నేను'లు ఉంటాయని మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశాడు.

ఫోను చేసిన పని ఏమిటంటే, అమ్మమ్మను, మాస్టారిని, మేనబావను, ముక్కూమొహం తెలియనివాణ్ణి ఒకే ముంగిట్లో కూర్చోబెట్టింది. ఇప్పుడు కుర్రాడు ఏ 'నేను'తో రావాలి?

ఫోను లేకపోయినా, పదమూడేళ్లకు మొటిమ వస్తే ఊరంతా దాన్నే చూస్తోందనిపిస్తుంది. ఇలా మనసులో కొలువుండే జనానికి 'ఊహా ప్రేక్షకులు' అని 1967లో డేవిడ్ ఎల్కైండ్ అనే మనస్తత్వవేత్త పేరు పెట్టాడు. అప్పట్లో వాళ్లు ఉత్త ఊహే, వయసు పెరిగేకొద్దీ వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు ఎంతమంది చూశారో ఫోటో కిందే అంకె పడుతోంది.

ఆ అంకె మహిమ చూడండి. 2016లో వెలువడిన ఓ అధ్యయనం కోసం లాస్ ఏంజలెస్‌లో 13 నుంచి 18 ఏళ్ల పిల్లలు 32 మందిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి ఫోటోలు చూపించారు. లైకుల సంఖ్యలు పరిశోధకులే వేశారు. ఒకే ఫోటోకి సగంమందికి ఎక్కువ, సగంమందికి తక్కువ. ఎక్కువ లైకులున్న ఫోటోనే పిల్లలూ మెచ్చారు. తమ సొంత ఫోటోకి లైకులు దండిగా కనిపిస్తే మెదడులో బహుమానానికి స్పందించే చోటు చురుకెక్కింది. సిగరెట్టులాంటి వాటి ఫోటోలు చూసేటప్పుడు మాత్రం, మనల్ని ఆపే భాగాలు కాస్త నెమ్మదించాయి.

ఇక మన కుర్రాడు తునికాకు కోస్తున్న ఫోటో పెట్టాడనుకోండి, నాలుగు లైకులు. ఎవరిదో బైకు మీద, అరువు నల్లకళ్లద్దాలతో పెడితే నలభై. మూడోసారి ఏది పెడతాడో నన్నడగక్కర్లేదు. ఎండలో కట్టలు కట్టిన చేతులు వాడివే, కానీ వాడి పేజీలో అవి కనిపించవు. కొన్నాళ్లకు వాడికే అవి చిన్నతనంగా తోస్తాయి. నాకు బెంగ కలిగించేది ఇదొక్కటే.

అలాగని, ఫోను వచ్చి పిల్లలు చెడిపోయారనే పెద్దల గోలలో నేను చేరను. ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్షిబిల్స్కీ అనే పరిశోధకులు 2019లో మూడున్నర లక్షలకు పైగా పిల్లల లెక్కలు తిరగేశారు. పిల్లల క్షేమంలోని హెచ్చుతగ్గుల్లో తెరల వాడకంతో ముడిపడింది మహా అయితే 0.4 శాతం. బంగాళాదుంపలు తినడానికీ దాదాపు అంతే సంబంధం తేలింది! కాకపోతే అది సగటు, పైగా అమెరికా, బ్రిటన్ పిల్లలది. గొల్లపల్లి పిల్ల అందులో లేదు. సగటులో మీరు కూడా విడిగా కనిపించరు.

కనుక మీ సంగతి మీరే తేల్చుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల అంకె దాచుకునే వీలు 2021 మే నుంచి ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఓ నెలపాటు దాచి చూడండి. నచ్చకపోతే మళ్లీ తెచ్చుకోవచ్చు.