నాన్నగారికి కంప్యూటరు

గోపురం కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కవేసుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు బోధించారు. ప్రియ పాఠకులారా, ఆ బోధ తలిదండ్రుల కోసం కొనే వస్తువుకు కూడా వర్తిస్తుందని మేము కొంత నష్టపోయి నేర్చుకొన్నాము.

పాన్‌గల్‌లో ఉంటున్న మా నాన్నగారు రిటైరైన ఉపాధ్యాయులు, చాలా ఏండ్లు సంఘ కార్యదర్శిగా పనిచేశారు. మా సంఘంలో మొదట రక్షణ పొందిన కుటుంబాలు, బాప్తిస్మములు, మందిరం కట్టిన నాటి సంగతులు ఆయన జ్ఞాపకంలోను, కొన్ని నోటు పుస్తకాలలోను మాత్రమే ఉన్నాయి. వాటిలో రెండు పుస్తకాలను చెదలు తినివేశాయి. మిగిలినవాటినైనా ఫోనులో ఎక్కించమంటే, "అక్షరాలు చీమల లెక్క కనవడ్తున్నయి బిడ్డా" అన్నారు. పెద్ద తెర ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటరు కొనిపెట్టాలని అన్నదమ్ములము నిశ్చయించుకొన్నాము. మా చేతిలో ఉన్నది 25 వేల రూపాయలు.

తొందరపడి, చవకగా వస్తున్నదని ఒక పాత కంప్యూటరుకు బయానా ఇచ్చాము. తరువాత తెలిసినవారికి చూపిస్తే, అందులో ఉన్నది విండోస్ 10 అనీ, దానికి మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ సహాయం ముగించిందనీ, ఆ యంత్రం విండోస్ 11కు పనికిరాదనీ చెప్పారు. బయానా పోయింది.

ఆ తరువాత కూర్చుండి లెక్క వేశాము. నాన్నగారికి కావలసినవి మూడే పనులు: తెలుగులో రాయడం, పెద్ద అక్షరాలలో బైబిలు చదువుకోవడం, దూరాన ఉన్న మనుమలను చూచి మాట్లాడడం. వీటికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. ఆఫీసులలో వాడి, బాగుచేసి అమ్మేవి చాలు. అయితే ఈ సంగతులు అడిగి తీసుకోవాలి.

ఇంటెల్ చిప్ అయితే 8వ తరం లేదా ఆ తరువాతది కావాలి. విండోస్ 11కు సాధారణంగా అదే హద్దు. ర్యామ్ 8 జీబీ ఉంటే పని సాఫీగా సాగుతుంది. లోపల తిరిగే పాత హార్డ్‌డిస్క్ కాక ఎస్ఎస్‌డీ ఉండాలి. యంత్రం త్వరగా తెరుచుకోవడానికి ముఖ్యంగా అదే కారణం. బిల్లు, వారంటీ కాగితం అడగడానికి మొగమాటపడరాదు.

అక్కడ మిగిల్చిన డబ్బు తెర మీద పెట్టండి. పెద్దవారి కండ్లకు 22 అంగుళాల తెర ఎంతో మేలు. డెస్క్‌టాప్‌కు చాలావరకు కెమెరా, మైకు, వైఫై విడిగా కొనాలి. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. కరెంటు పోయి వచ్చే మన ఊళ్ళలో యూపీఎస్ తప్పదు. చిన్న యూపీఎస్ గంటలకొద్దీ నడపదు, రాసింది భద్రపరచి యంత్రాన్ని ఆపుకొనే వ్యవధి ఇస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తింగు సరిగా ఉన్నదో లేదో కూడా చూపించుకోండి.

తెలుగుకు వేరే సాఫ్ట్‌వేరు కొననక్కరలేదు. విండోస్ 11లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలతో 'అమ్మ' అని కొడితే తెలుగులో పడుతుంది. ఉత్తరాలకు, పుస్తకాలకు లిబ్రాఫీస్ ఉచితం. చదివేటప్పుడు కంట్రోల్ మీట నొక్కి ప్లస్ నొక్కితే అక్షరాలు పెద్దవౌతాయి.

ఒక హెచ్చరిక. కంప్యూటరు పాడైందని, పోలీసులమని బెదిరించి డబ్బు అడిగేవారుంటారు. ఓటీపీ ఎవ్వరికీ చెప్పవద్దని పెద్దవారికి ప్రేమతో నేర్పండి. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆ అంకెను తెర పక్కన రాసి అంటించండి.

యంత్రం తెచ్చిన మొదటి వారం నాన్నగారు దాన్ని ముట్టుకోలేదు. "చెడిపోతే మీ పైసలు పోతయి" అని భయపడ్డారు. అప్పుడు మాకు అర్థమైంది, మేము వస్తువు ఇచ్చాము గాని సమయం ఇవ్వలేదు. ఆ నెలంతా ప్రతి ఆదివారం ఆరాధన తరువాత ఆయన పక్కన కూర్చున్నాము. ఆయన మొదట కొట్టిన మాట మా నాయనమ్మ పేరు. ఇప్పుడు రోజుకు అర పేజీ రాస్తున్నారు. రాసినదంతా వారానికొకసారి పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తున్నాము. దానికి చెదలు పట్టదు గాని అదీ చెడిపోవచ్చు, కాబట్టి కాగితం మీద ప్రతి కూడా తీస్తున్నాము.

తలిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞ డబ్బుతోనే నెరవేరదు. మీ సంఘంలోని పెద్దల జ్ఞాపకాలు కూడా వారితోనే పోకముందే పక్కన కూర్చుండి రాయించండి. ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక.