విడాకుల డిక్రీ కావాలా? ముందు కేసు నంబరు పట్టుకోండి

కోర్టు విడాకులు మంజూరు చేసిన ప్రతి కేసులోనూ డిక్రీ ప్రతిని భార్యాభర్తలిద్దరికీ చెరొకటి ఉచితంగా ఇవ్వాలి. హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లోని 4వ ఉపసెక్షన్ చెప్పే మాట ఇది. ఈ సంగతి చాలామందికి తెలియదు. తీర్పు వచ్చిన రోజున ఎవరి మనసూ కాగితాల మీద ఉండదు కదా. ఆ ప్రతి వకీలు గారి ఆఫీసులో పాత కట్టల మధ్య ఉండిపోతుంది, లేదంటే ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోతుంది. పదేళ్ల తర్వాత మళ్లీ పెళ్లి రిజిస్ట్రేషన్‌కో, వీసాకో, తండ్రి ఫ్యామిలీ పెన్షన్ విడాకులైన కూతురికి మార్పించడానికో ఆ కాగితం కావాల్సి వస్తుంది. అప్పటినుంచి వెతుకులాట మొదలు. కోర్టు గేటు దాకా వెళ్లే ముందు ఆనాటి వకీలుకు ఒక ఫోన్ చేయండి. కాగితం దొరక్కపోయినా ఆయన డైరీలోనో గుమస్తా రిజిస్టరులోనో కేసు నంబరు దొరికే అవకాశం ఉంది. సగం పని అక్కడే అయిపోతుంది.

ఇంకో మాట. మీకు నిజంగా డిక్రీ అవసరమేనా అన్నది ముందు చూసుకోండి. పాస్‌పోర్టు కోసమే అయితే అక్కర్లేదు. విడాకులు తీసుకున్నవాళ్లు, విడిగా ఉంటున్నవాళ్లు దరఖాస్తులో జీవిత భాగస్వామి పేరు రాయక్కర్లేదనీ, డిక్రీ జతచేయనక్కర్లేదనీ విదేశాంగ శాఖ 2016 డిసెంబరులోనే ప్రకటించింది. ఆ సంగతి తెలియక ఇప్పటికీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నవాళ్లున్నారు.

అవసరమే అని తేలితే, ఏ కాగితం అడగాలి? కేసు ముగిశాక రెండు వేర్వేరు పత్రాలు పుడతాయి. ఎవరేం చెప్పారు, జడ్జి ఏ కారణంతో ఏం నమ్మారు అన్నదంతా ఉండేది జడ్జిమెంటు, అంటే తీర్పు. చివరికి ఏం తేలింది అన్నది మాత్రమే ఉండేది డిక్రీ. పరీక్షలో జడ్జిమెంటు జవాబు పత్రమైతే డిక్రీ మార్కుల మెమో. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మెమో చూస్తారు గానీ జవాబు పత్రం అడగరు. అలాగే పెన్షన్ ఆఫీసుకైనా, మళ్లీ పెళ్లి రిజిస్ట్రేషన్‌కైనా మామూలుగా డిక్రీ సరిపోతుంది. తీర్పు వెలువడిన 15 రోజుల్లోపు డిక్రీ తయారు చేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ అంటుంది. కాబట్టి మొన్ననే తీర్పు వచ్చినవాళ్లు, ఈరోజే డిక్రీ లేదన్నారని కంగారు పడక్కర్లేదు.

ఖర్చులోనూ ఈ తేడా కనిపిస్తుంది. నకలుకు రుసుము పేజీల లెక్కన పడుతుంది. డిక్రీ రెండు మూడు పేజీలుంటుంది. సాక్షులతో, క్రాస్ ఎగ్జామినేషన్‌తో నడిచిన కేసులో తీర్పు 40 పేజీలున్నా ఆశ్చర్యం లేదు. పేజీ రేటు ఎంతైనా సరే, 3 పేజీల డిక్రీకి అయ్యే ఖర్చుకు 13 రెట్లు ఆ తీర్పుకు అవుతుంది. అయితే ఒక సందర్భంలో పొదుపు చూడొద్దు. పిల్లల కస్టడీ గురించో, భరణం గురించో, ఇల్లు ఎవరికి చెందాలన్నదాని గురించో షరతులుంటే రెండూ తీసుకోండి. పరస్పర అంగీకార విడాకుల్లో, అంటే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి అడిగి తీసుకున్నవాటిలో, ఒప్పందం షరతులు డిక్రీతో పాటు వచ్చాయో లేదో కూడా చూసుకోండి. పిల్లవాణ్ణి విదేశం తీసుకెళ్లేటప్పుడు అడిగేది ఆ షరతుల పేజీనే.

ఏ కోర్టుకు వెళ్లాలి అన్నది తర్వాతి ప్రశ్న. పెళ్లి రిజిస్టర్ చేసిన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి విడాకుల కాగితం అడిగేవాళ్లున్నారు. అక్కడ పెళ్లి రికార్డే ఉంటుంది. విడాకుల రికార్డు, కేసు నడిచిన కోర్టులోనే ఉంటుంది. 10 లక్షల జనాభా దాటిన నగరాల్లో ఫ్యామిలీ కోర్టు పెట్టాలని 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం చెప్పింది. ఇతర ఊళ్లలోనూ అవసరాన్ని బట్టి పెట్టారు. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఫ్యామిలీ కోర్టు అంటే పురానీ హవేలీయే. ఫ్యామిలీ కోర్టు లేని చోట ఈ కేసులు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో నడుస్తాయి.

మా అమ్మానాన్నల కేసు, ఎక్కడ నడిచిందో నాకు తెలియదు అంటారా? చట్టమే కొంత దారి చూపిస్తుంది. పెళ్లి జరిగిన ఊరు, ఇద్దరూ చివరిసారి కలిసి కాపురమున్న ఊరు, కేసు వేసేనాటికి ఎదుటివారు ఉంటున్న ఊరు, వీటిలో ఏదో ఒక చోటే మామూలుగా కేసు వేయాలి. 2003 నుంచి భార్య కేసు వేస్తే తాను ఉంటున్న చోటే వేసుకోవచ్చు. అందుకే 2003 తర్వాతి కేసయి, వేసింది ఆవిడే అయితే ముందుగా ఆవిడ పుట్టింటి ఊరి కోర్టులో వాకబు చేయండి. జిల్లాలు మారడం వల్ల వచ్చే తికమక ఒకటుంది. తెలంగాణలో 2022 జూన్ 2 నుంచి న్యాయ జిల్లాలు 33 అయ్యాయి. 2010లో కరీంనగర్‌లో తేలిన కేసు కాగితాల కోసం ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్న మనిషి, తన జిల్లా ఇదే కదా అని అక్కడికి వెళ్లడం సహజం. కానీ తీర్పు ఇచ్చిన కోర్టుతోనే మొదలుపెట్టాలి. రికార్డు వేరేచోటికి పంపి ఉంటే ఆ సంగతి అక్కడే చెబుతారు.

ఇక నంబరు. ఇది లేకుండా కౌంటరు దగ్గర పని జరగదు. ఫ్యామిలీ కోర్టు కేసులకు ఎఫ్‌సీఓపీ అనీ, సీనియర్ సివిల్ జడ్జి కోర్టు కేసులకు హెచ్‌ఎంఓపీ అనీ ముందు ఉంటుంది. పాతవాటికి ఉత్త ఓపీ అని కూడా ఉండొచ్చు. తర్వాత సంఖ్య, గీత, సంవత్సరం. ఆ సంవత్సరం కేసు వేసిన ఏడాదే గానీ తేలిన ఏడాది కాదని గుర్తుంచుకోండి. 2009లో వేసి 2013లో తేలిన కేసును 2013 రిజిస్టరులో ఎంత వెతికినా దొరకదు.

కంప్యూటర్లొచ్చాక ప్రతి కేసుకూ సీఎన్‌ఆర్ అనే ఇంకో నంబరు ఇస్తున్నారు. ఇది 16 అక్షరాలు, అంకెల వరుస, ఆధార్ నంబరు కంటే నాలుగు ఎక్కువ. విడదీసి చూస్తే భయపడేదేమీ లేదు. మొదటి రెండక్షరాలు రాష్ట్రానివి, తర్వాతి రెండు జిల్లావి, ఆపైన రెండంకెలు కోర్టు సముదాయానివి, ఆరంకెలు కేసువి, చివరి నాలుగూ సంవత్సరం. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లోనో, ఫోన్ యాప్‌లోనో ఈ 16 కొడితే కేసు స్థితి తెలుస్తుంది. నంబరు తెలియకపోతే పేరుతో, సంవత్సరంతో వెతకొచ్చు. ముగిసిన కేసుల్లో వెతకమని ఎంచుకోవడం మాత్రం మరిచిపోకండి. తెలుగు పేర్లతో ఇంగ్లిష్ స్పెల్లింగు ఒక చిక్కు. లక్ష్మిని మూడు నాలుగు రకాలుగా రాస్తారు, ఇంటి పేరు ముందు రాస్తారో వెనక రాస్తారో తెలియదు. పేరులో ఒక ముక్కే కొట్టి చూడండి. కుటుంబ కేసుల్లో గోప్యత కోసం వివరాలు కనిపించకపోవచ్చు. అంతమాత్రాన కేసు లేనట్టు కాదు. ఒకవేళ తీర్పు వెబ్‌సైట్‌లో దొరికి ప్రింటు తీసుకున్నా అది మీరు చదువుకోవడానికే. సర్టిఫైడ్ కాపీ అడిగిన ఆఫీసులో దాన్ని తీసుకోరు.

సర్టిఫైడ్ కాపీ అంటే, ఇది అసలుకు సరైన నకలు అని కోర్టు అధికారి సంతకం, తేదీ, ముద్ర వేసి ఇచ్చే ప్రతి. దీనికి కాపీ దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తులో కోర్టు పేరు, కేసు నంబరు, ఇద్దరి పేర్లు, తీర్పు తేదీ, ఏ పత్రం కావాలి, ఎన్ని ప్రతులు కావాలి అన్నవి రాసి కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇస్తారు. వకీలు ద్వారా పెట్టొచ్చు, కేసులో పార్టీ అయితే స్వయంగానూ పెట్టుకోవచ్చు. ఒక గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. దరఖాస్తుకు వేసే సీఏ నంబరును, అంటే కాపీ దరఖాస్తు నంబరును, రాసుకోండి, తర్వాత అడిగేది దాన్నే.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. దరఖాస్తు ఇచ్చేసి, తయారయ్యాక కబురొస్తుందని ఇంటికెళ్లి కూర్చుంటారు. రికార్డు వచ్చాక పేజీలు లెక్కపెట్టి, ఇన్ని స్టాంపులు కట్టాలని నోటీసు బోర్డు మీద పెడతారు. చెప్పిన గడువులోగా కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. దూరంలో ఉన్నవాళ్లు బోర్డు చూసి చెప్పే మనిషిని ముందే మాట్లాడుకోవాలి. పాత కేసైతే కట్ట రికార్డు రూము నుంచి రావాలి, దానికి ఎక్కువ రోజులు పట్టడం మామూలే. ఎలాగూ అంత దూరం వెళ్లారు కాబట్టి రెండు ప్రతులు అడగండి. ఒకటి ఎక్కడ ఇవ్వాలో అక్కడ ఇచ్చినా ఇంకోటి ఇంట్లో ఉంటుంది.

నకలు చేతికొచ్చాక వెనక్కి తిప్పి చూడండి. ముద్రలో కొన్ని తేదీలుంటాయి: దరఖాస్తు చేసినది, స్టాంపులు కట్టమన్నది, కట్టినది, నకలు తయారైనది, ఇచ్చినది. ఎవరూ పట్టించుకోని ఈ తేదీలకు అప్పీలు విషయంలో ప్రాణముంది. నకలు తయారు కావడానికి అవసరమైన సమయాన్ని అప్పీలు గడువులో లెక్కపెట్టకూడదని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ అంటుంది. ఉదాహరణకు తీర్పు మార్చి 1న వచ్చింది, దరఖాస్తు 11న పెట్టారు, నకలు 29న తయారైందనుకుందాం. 90 రోజుల గడువు మామూలుగా మే 30తో నిండుతుంది. 11 నుంచి 29 దాకా నకలుకు పట్టిన 19 రోజులు కలిపితే జూన్ 18 దాకా వస్తుంది. స్టాంపులు కట్టడంలో మీరు చేసిన ఆలస్యం మాత్రం ఇందులో కలవదు.

మళ్లీ పెళ్లి చేసుకోబోయేవాళ్లకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. అప్పీలు గడువు దాటాకే, అప్పీలు వేస్తే అది కొట్టేశాకే రెండో పెళ్లి చేసుకోవచ్చని హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. గడువు ఎంత? ఫ్యామిలీ కోర్టుల చట్టం 30 రోజులంటుంది, 2003 సవరణ తర్వాత హిందూ వివాహ చట్టం 90 రోజులంటుంది. పెద్దదాన్ని పట్టుకోవడమే క్షేమం. పైగా ఎదుటివారు కూడా నకలుకు దరఖాస్తు పెట్టి ఉంటే వారి గడువూ అలాగే పొడుగవుతుంది. అందుకని 91వ రోజుకే ముహూర్తం పెట్టించుకోవద్దు. పై కోర్టులో అప్పీలేమైనా పడిందేమో వకీలు చేత చూపించుకుని, ఆ తర్వాత పెట్టుకోండి. ఇద్దరి అంగీకారంతో ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన డిక్రీ మీద అప్పీలు ఉండదని ఫ్యామిలీ కోర్టుల చట్టమే చెప్పింది, కాబట్టి వాళ్లకు ఈ బెంగ తక్కువ.

కేసులో పార్టీ కానివాళ్లు అడగొచ్చా? సంబంధం చూస్తున్న పెళ్లికూతురి తండ్రికి ఈ సందేహం వస్తుంది, రావాల్సిందే. మూడో వ్యక్తి అయితే తనకెందుకు కావాలో అఫిడవిట్‌లో, అంటే ప్రమాణ పత్రంలో రాసి, కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. వివాహ కేసుల విచారణ తలుపులు వేసి జరపాలనీ, వివరాలు అచ్చువేయకూడదనీ హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ చెబుతోంది కాబట్టి జడ్జి కారణం గట్టిగానే అడుగుతారు. అంతకంటే తేలిక దారి, అబ్బాయినే సర్టిఫైడ్ కాపీ తెచ్చి చూపించమనడం. అడగడంలో తప్పేమీ లేదు.

10 రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో రాదా అంటే, రాదు. కోర్టు కేసుల కాగితాలకు కోర్టు నిబంధనల ప్రకారమే దరఖాస్తు పెట్టుకోవాలని గుజరాత్ హైకోర్టు నిబంధనల మీద వచ్చిన కేసులో 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది.

పెద్దమనుషుల్లో కూర్చుని 100 రూపాయల బాండు పేపరు మీద విడిపోయినట్టు రాసుకున్నవాళ్ల సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. వాళ్లు ఏ కోర్టులో వెతికినా రికార్డు దొరకదు, ఎందుకంటే కేసే లేదు. నోటరీ ముద్ర ఉన్నంత మాత్రాన ఆ కాగితం విడాకుల డిక్రీ అయిపోదు. తమ కులంలో అలా విడిపోయే ఆచారం ఎప్పటినుంచో ఉందని రుజువు చేయగలిగితే హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆ ఆచారాన్ని కాపాడుతుంది, కానీ ఆ రుజువు భారం తేలికైనది కాదు. ఇద్దరూ బతికుండి, మాట కలుస్తున్నప్పుడే 13బి కింద కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకోవడం మంచిది. ఏడాదిగా విడిగా ఉండి ఉంటే చాలు. పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలలు ఆగి, 18 నెలల్లోపు రెండోసారి అడగాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి బంధువుకు పవర్ ఆఫ్ అటార్నీ పంపి పని జరిపించుకోవచ్చు. అక్కడ రాసిన ఆ పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు వేయించాలి. డిక్రీని విదేశంలో చూపించాలంటే అపోస్టిల్, అంటే హేగ్ ఒప్పందంలోని దేశాలు ఒప్పుకునే ధ్రువీకరణ ముద్ర, అడగొచ్చు. భారత్‌లో ఈ పద్ధతి 2005 నుంచి ఉంది. ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖది. ఆ శాఖ రుసుము 50 రూపాయలే, ఏజెన్సీ చార్జీలు వేరు. యూఏఈ ఆ ఒప్పందంలో లేదు కాబట్టి అక్కడికి రాయబార కార్యాలయం ముద్ర కావాలి. అమెరికా ఇమిగ్రేషన్‌కైతే తెలుగులో ఉన్న ఏ పేజీకైనా అనువాదకుడు ధ్రువీకరించిన ఇంగ్లిష్ ప్రతి జతచేయాలి. విదేశంలో తీసుకున్న విడాకులు ఇక్కడ చెల్లుతాయా అన్నది వేరే కథ. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో అమెరికాలోని మిస్సోరి కోర్టు ఇచ్చిన డిక్రీని 1991లో సుప్రీంకోర్టు గుర్తించలేదు. అలాంటివాళ్లు నకలు కోసం పరుగెత్తే ముందు వకీలును కలవాలి.

వకీలుకు ఇచ్చుకోలేనివాళ్లు ఆగిపోనక్కర్లేదు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా అక్కడ ఉచిత సాయం పొందే హక్కుంది. ఫోన్ నంబరు 15100. చేసే ముందు ఇద్దరి పూర్తి పేర్లు, పెళ్లయిన ఊరు, కేసు వేసిన ఏడాది సుమారుగా అయినా ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.