హాబీల లైన్‌లో ఏం రాశారు?

రెజ్యుమెలో మనం అన్నిటికన్నా తక్కువ ఆలోచించి రాసేది చివర్లో ఉండే హాబీల లైన్. పుస్తకాలు చదవడం, పాటలు వినడం, క్రికెట్ ఆడటం... సీనియర్ ఫైల్‌లో ఏముంటే అదే కాపీ, పేస్ట్. ఇంటర్వ్యూలో 'ఈమధ్య ఏం చదివారు?' అని అడిగితే నీళ్లు నమలడమే.

నిజంగానే నాలుగైదు వ్యాపకాలున్నవాళ్ల బాధ ఇంకోలా ఉంటుంది. కీబోర్డు నేర్చుకుంటారు, బొమ్మలేస్తారు, మధ్యలో పైథాన్ మొదలుపెడతారు. 'ఒక్కదాని మీదా కుదురుగా ఉండవేంట్రా' అని ఇంట్లో అక్షింతలు. ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చేసరికి ఆ మాట నిజమేనేమో అని మీకే అనుమానం పట్టుకుంటుంది. మీరు ఆ బ్యాచ్ అయితే డొనాల్డ్ కనూత్ గురించి తెలుసుకోవాల్సిందే.

సీఎస్ఈ వాళ్లకి ఈ పేరు పరిచయమే. అల్గారిదమ్స్‌లో కేఎంపీ అని చదువుకుంటారే, అందులో 'కే' ఈయనే. 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' గ్రంథ రచయిత. 1974లో, 36 ఏళ్లకే ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఇంతవరకూ ఎక్కడైనా దొరుకుతుంది. నాకు నచ్చింది మిగతా కథ.

ఆయన 1938లో అమెరికాలోని మిల్వాకీలో పుట్టారు. కాలేజీలో సంగీతం చదువుదామనుకున్నారు. కేస్ ఇన్‌స్టిట్యూట్ ఫిజిక్స్‌కి స్కాలర్‌షిప్ ఇచ్చేసరికి అటు వెళ్లారు. అక్కడ మళ్లీ గణితానికి మారిపోయారు. 1957లో, పందొమ్మిదేళ్ల వయసులో ఆయన రాసిన వ్యాసం అచ్చయింది ఎందులోనో తెలుసా? 'మ్యాడ్' అనే హాస్య పత్రికలో! తూనికలు కొలతల మీద వేళాకోళం అది. పొడవుకి ప్రమాణంగా ఆయన తీసుకున్నది ఆ పత్రిక 26వ సంచిక మందాన్ని.

కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌తో తిరిగే రోజుల్లో ఇంకో సరదా. ఎవరు ఎన్ని పాయింట్లు వేశారన్నదే కాకుండా, బంతి దక్కించుకోవడం, పోగొట్టుకోవడం కూడా కలిపి ఏ ఆటగాడి వల్ల టీమ్‌కి ఎంత లాభమో తేల్చే ఫార్ములా కట్టారు. దాన్ని కాలేజీలో ఉన్న ఐబీఎం 650 కంప్యూటర్‌తో లెక్కవేయించారు. న్యూస్‌వీక్ పత్రికా, సీబీఎస్ టీవీ కూడా వార్త ఇచ్చాయి. ఆట సరదా, లెక్కల సరదా, కంప్యూటర్ సరదా... మూడూ ఒకే పనిలో కలిసిపోయాయి చూడండి.

అన్నిటికన్నా పెద్ద మలుపు 1977లో వచ్చింది. ఆయన గ్రంథం రెండో సంపుటం కొత్త ఎడిషన్ ప్రూఫులు చేతికొచ్చాయి. సీసపు అచ్చు పోయి ఫొటో టైప్‌సెట్టింగ్ వస్తున్న కాలం. పేజీలు చూస్తే కళ తప్పి ఉన్నాయి. మనమైతే పబ్లిషర్‌తో నాలుగు మాటలని ఊరుకుంటాం. ఆయన మాత్రం పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ తనే రాయడానికి కూర్చున్నారు. సెలవు తీసుకున్న ఏడాదిలో అయిపోతుందనుకున్న పని పదేళ్లు దాటింది. అదే టెక్. (ఇంగ్లిష్‌లో చివర ఎక్స్ ఉంటుంది, పలకడం మాత్రం టెక్ అనే.) దాని మీద లెస్లీ లాంపోర్ట్ కట్టిందే లేటెక్. థీసిస్ రాస్తున్న మీ సీనియర్లని అడగండి, దాంతో రోజూ కుస్తీ పడుతుంటారు.

ఆ పదేళ్లూ కోడ్ ఒక్కటే రాయలేదు. అక్షరాల రూపకల్పన అనే కొత్త విద్యలోకి దిగి, హెర్మన్ జాఫ్ లాంటి ఉద్దండులతో కలిసి పనిచేశారు. 'ఎస్' అక్షరం వంపుని గణితంలో పట్టుకోలేక ఎంత తంటాలు పడ్డారంటే, 1980లో ఆ ఒక్క అక్షరం మీదే ఒక వ్యాసం రాశారు. ఒక్క ఎస్‌కే అంత అవస్థ అయితే, అడుగడుగునా వంపులున్న మన తెలుగు లిపికి ఫాంట్లు చేసేవాళ్ల సంగతి ఆలోచించండి!

సంగీతం వదిలేశారా అంటే అదీ లేదు. ఇంట్లో పైప్ ఆర్గాన్ పెట్టించుకున్నారు. దానికోసం ఆయన స్వరపరిచిన రచనని 2018లో, సరిగ్గా 80వ పుట్టినరోజున స్వీడన్‌లో తొలిసారి వినిపించారు. 1962లో మొదలుపెట్టిన గ్రంథం ఇప్పటికీ పూర్తికాలేదు. 2022లో మరో భాగం వచ్చింది.

మనవాళ్లలో ఇలాంటివాళ్లు లేరా? కొడవటిగంటి రోహిణీప్రసాద్ ఉన్నారు. 'చందమామ'ని దశాబ్దాలపాటు నడిపిన కుటుంబరావు గారి అబ్బాయి. భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త, సితార్ వాయించేవారు, మామూలు పాఠకులకి అర్థమయ్యే తెలుగులో సైన్సు వ్యాసాలు రాసేవారు. 2012లో చనిపోయారు. ఆయన పుస్తకం కనిపిస్తే వదలకండి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. టెక్ రాసిన పదేళ్లూ కనూత్‌కి స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ ఉద్యోగం ఉంది. రోహిణీప్రసాద్ గారికీ ప్రభుత్వ కొలువు ఉంది. 'మీకు నచ్చిందే చేయండి, డబ్బు అదే వస్తుంది' అని వేదికలెక్కి చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. ఎడ్యుకేషన్ లోన్ వాయిదాకి మన సరదాలతో పనిలేదు. ముందు ఉద్యోగం చూసుకోండి, హాబీని సాయంత్రాలకి ఉంచుకోండి. నేను చేస్తున్నదీ అదే. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, రాత్రి తెలుగులో టెక్ బ్లాగు. బ్లాగు మీద వచ్చేది టీ ఖర్చులకి సరిపోతుందేమో. కానీ ఆఫీసులో కొత్తవాళ్లకి అర్థమయ్యేలా ఏదైనా రాయాలంటే ఆ పని తిరిగి తిరిగి నా టేబుల్ దగ్గరికే వస్తుంది.

ఇక మీ రెజ్యుమె సంగతి. నాలుగు హాబీలు వరసగా రాసే బదులు, ఏదైనా ఒకదాంట్లో మీరు చేసిన పని ఒకటి రాయండి. 'ఫొటోగ్రఫీ' అంటే ఎవరూ ఆగరు. 'మా ఊరి పాత గుడి శిల్పాల ఫొటోలు తీసి వికీమీడియా కామన్స్‌లో పెట్టాను' అంటే ఆగుతారు. కోర్సు సర్టిఫికెట్లకీ ఇదే వర్తిస్తుంది. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగానే వినొచ్చు, కానీ ఆ నేర్చుకున్నదాంతో ఏం చేశారన్నదే అడుగుతారు. క్రికెట్ పిచ్చి ఉందా? ఈ సంక్రాంతికి మీ ఊళ్లో టోర్నమెంట్ జరిగితే స్కోరు పుస్తకం మీరే పట్టుకోండి. బంతి బంతికీ ఎక్సెల్‌లో ఎక్కించండి. ఆఖరి మూడు ఓవర్లలో నిజంగా ఎవరు బాగా వేశారో, ఊరంతా ఎవరు వేశారనుకుంటోందో పోల్చి చూడండి. రెండూ ఒకటి కాకపోతే ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడటానికి సరిపడా సరుకు దొరికినట్టే. ఊళ్లో మాత్రం కాస్త జాగ్రత్త, ఆ బౌలర్ మీ బావ అయ్యుండొచ్చు.