హ్యాంగర్‌లో పని, పద్దులో డబ్బు

సూరత్‌కు దక్షిణాన డామన్‌లో తీర రక్షక దళపు డోర్నియర్ విమానాలు, ఉత్తరాన వడోదరలో వైమానిక దళపు సి-295 రవాణా విమానాలు ఉన్నాయి. వీటిలో ఏ రోజు ఎన్ని ఎగరగలవన్నది చాలావరకు నిర్వహణ ప్రణాళిక మీదే ఆధారపడుతుంది. ప్రతి విమానానికీ రెండు గడువులు నడుస్తుంటాయి, ఒకటి ఎగిరిన గంటలను బట్టి, మరొకటి గడిచిన నెలలను బట్టి. ఏది ముందు తీరితే దాని ప్రకారం విమానం హ్యాంగర్ చేరాలి.

పన్నెండు విమానాలు ఏడాదికి తలా 300 గంటలు ఎగిరి, 1,200 గంటలకొకసారి పెద్ద తనిఖీకి వస్తాయనుకుంటే ఏటా మూడు తనిఖీలు పడతాయి. ఒక్కొక్కటి నాలుగు నెలలు తీసుకుంటే హ్యాంగర్‌లో ఒక విమానం పట్టే చోటు ఏడాది పొడవునా నిండిపోతుంది. కాగితం మీద లెక్క సరిపోయినట్టే ఉంటుంది గానీ, సముద్రపు ఉప్పుగాలిలో తిరిగే విమానానికి క్యాబిన్ నేల పలకలు ఊడదీసేదాకా అడుగున పట్టిన తుప్పు బయటపడకపోవచ్చు. బయటపడ్డాక రివెట్లు తొలిచి, రేకు మార్చి, తిరిగి పూత వేయడానికి మరో నెల పడితే, వరుసలో ఉన్న తర్వాతి విమానం గడువు తీరి నేలమీదే నిలిచిపోతుంది.

ఇలా విప్పాక తేలే పనికి ముందుగా డబ్బు చూపడమే బడ్జెట్‌లో అసలు చిక్కు. విమానాల కొనుగోలుకు మూలధన పద్దు, మరమ్మతులకూ విడిభాగాలకూ రెవెన్యూ పద్దు ఉంటాయి. ఖర్చుకాని కేటాయింపు మార్చి 31తో మురిగిపోతుంది, విదేశం నుంచి రావలసిన విడిభాగం మాత్రం ఏడాది దాటినా రాకపోవచ్చు. 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చిన రక్షణ సేకరణ మాన్యువల్, విమానాల, నౌకల మరమ్మతుల్లో ఇటువంటి అదనపు పనికి 15 శాతం ముందే చేర్చుకునే వీలు కల్పించింది. కొత్త విమానానికి ఇది చాలవచ్చు. ముదిరిన విమానానికి రెక్క విప్పగానే కరిగిపోయినా ఆశ్చర్యం లేదు.

విడిభాగం అందనప్పుడు పక్క విమానంలోంచి తీసి బిగించడం మామూలే, అయితే ఒకే పనికి రెండింతల శ్రమ అవుతుంది. విడిభాగాల కొరత వంటి కారణాలతో వైమానిక దళపు సుఖోయ్-30 విమానాల్లో 75 శాతం సిద్ధంగా ఉండాల్సి ఉండగా 55–60 శాతమే ఉన్నాయని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) 2015 నివేదికలో ఎత్తిచూపింది.

2021లో రూ.21,935 కోట్లకు కుదిరిన ఒప్పందం కింద 56 సి-295లలో 16 స్పెయిన్ నుంచి 2023 సెప్టెంబరు, 2025 ఆగస్టు మధ్య వచ్చాయి కనుక, నెలల గడువుతో వచ్చే వాటి పెద్ద తనిఖీలూ అంతే దగ్గరదగ్గరగా వచ్చిపడతాయి. ఆ రద్దీని పలచబరచాలంటే కొన్నింటిని గడువుకు ముందే హ్యాంగర్‌లోకి పిలవాలి. అలా వదులుకున్న నెలల విలువా ఖర్చే, దాన్నీ బడ్జెట్టే మోయాలి.